కంచ, కుంట, మత్తడి: సైబరాబాద్ బడులలో పర్యావరణ బోధన – తెలుగు వాచకం బాధ్యత

కీలక పదాలు: పర్యావరణ బోధన, ప్రాథమికోన్నత స్థాయి, తెలుగు వాచకం, గ్రామనామాలు, కంచ

2025 మార్చి చివరి రోజులలో కంచ గచ్చిబౌలిలో యంత్రాలతో చెట్ల తొలగింపు మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను విషయాన్ని విచారణకు స్వీకరించి పనులు నిలిపివేయాలని ఆదేశించింది. 400 ఎకరాల ఆ నేల గురించి నడిచిన వాదమంతా ప్రధానంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఇది అడవియా, కాదా? రికార్డుల ప్రకారం అటవీ భూమి కాదని ప్రభుత్వ పక్షం వాదించింది. నెమళ్లు, చుక్కల జింకలు, నక్షత్ర తాబేళ్లు మసలే చోటు అడవి కాకపోతే మరేమిటని హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, పర్యావరణవాదులు అడిగారు. ఆ ఊరి పేరులోని మొదటి మాట దగ్గర మాత్రం ఈ చర్చ ఎక్కువసేపు ఆగలేదు.

కోస్తా పాఠకునికి ‘కంచ’ అనగానే ముళ్లకంప, చేను చుట్టూ వేసిన వెలుగు గుర్తుకు వస్తాయి. తెలంగాణ పల్లె వ్యవహారంలో కంచ అంటే పశువుల మేతకు విడిచిన నేల. అది దున్నిన చేను కాదు, దట్టమైన అడవీ కాదు. గడ్డి, తుప్పలు, రాళ్లు, అక్కడక్కడా చెట్లు, వానకు నిండే చిన్న గుంటలు కలిసిన నేల అది. ఆంగ్ల పాలనా పరిభాషలో ‘ఫారెస్ట్’ ఉంది, ‘వేస్ట్‌ల్యాండ్’ ఉంది. ఈ రెండింటి నడుమ ఉన్న కంచకు చోటు లేదు. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో సుప్రీంకోర్టు ‘ఫారెస్ట్’ అన్న మాటను దాని నిఘంటువు అర్థంలోనే గ్రహించాలని, యాజమాన్యం ఎవరిదన్నది అడ్డు కాకూడదని చెప్పింది. ఒక నేల భవితవ్యం నిఘంటువు మీద ఆధారపడిన సందర్భమిది. ఆ నిఘంటువు ఏ భాషదన్న ప్రశ్న సహజంగానే భాషాసాహిత్యాల పరిశోధకులకు సంబంధించినది.

ప్రస్తుత వ్యాసం ఈ ప్రశ్నను బడి వైపు తిప్పి పరిశీలిస్తుంది. ఆ 400 ఎకరాలకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల మధ్య, వేలాది పిల్లలు 6, 7, 8 తరగతులు చదువుతున్నారు. పర్యావరణం వారికి పాఠ్యాంశమే. అయితే ఆ పాఠం ఎక్కడి నేల గురించైనా చెప్పగలిగే భాషలో ఉంటుంది గాని, వారి బడి నిలిచిన నేల గురించి చెప్పగలిగే భాషలో ఉండదు. ఈ లోటు విజ్ఞానశాస్త్ర పుస్తకం తీర్చేది కాదు. సైబరాబాద్ బడుల దినచర్యలో ఈ ప్రాంతంతో విధిగా ముడిపడిన పీరియడ్ ఒక్కటే ఉంది. అది తెలుగు పీరియడ్. పర్యావరణ బోధన భారం అక్కడ పడవలసి ఉంది.

ఆజ్ఞలు, పుస్తకాలు

1991 నవంబర్ 22న ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. అమలు మందగించడంతో 2003 డిసెంబర్‌లో మళ్లీ కలగజేసుకుని, తరగతుల వారీ పాఠ్యప్రణాళిక రూపొందించే పనిని ఎన్‌సీఈఆర్‌టీకి అప్పగించింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పర్యావరణాన్ని విడి గదిలో బంధించకుండా అన్ని పాఠ్యవిషయాలలోనూ కలపాలన్న దృష్టిని ముందుకు తెచ్చింది. అన్ని విషయాలలో అన్నప్పుడు భాషావాచకం కూడా అందులో ఉన్నట్లే. ఆచరణలో ఈ భారం విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం మీద పడింది. తెలుగు వాచకానికి దక్కినది ప్రకృతి వర్ణన.

సైబరాబాద్ బడుల స్థితి మరికొంత ప్రత్యేకమైనది. ఇక్కడ అధిక సంఖ్యలో ఉన్నవి కేంద్ర బోర్డులకు, అంతర్జాతీయ బోర్డులకు అనుబంధమైన ఆంగ్ల మాధ్యమ పాఠశాలలు. వాటి పుస్తకాలు ఢిల్లీలోనో, దేశం వెలుపలనో తయారై వస్తాయి. అమెజాన్ అడవి, ధ్రువపు ఎలుగుబంటి, పగడపు దిబ్బ వంటివి పిల్లలకు బాగానే తెలుస్తాయి. ఈ పుస్తకాల నడుమ చేరినది 2018 నాటి తెలంగాణ చట్టం. పాఠశాలలలో తెలుగును తప్పనిసరి చేసిన ఈ చట్టం ఆ విద్యాసంవత్సరంలో 1, 6 తరగతులతో మొదలై దశలవారీగా అమలయ్యేలా రూపొందింది. కాబట్టి బెంగాలీ, తమిళం, హిందీ ఇంటిభాషగా ఉన్న ఉద్యోగుల పిల్లలు కూడా ఈ గడ్డ మీద తెలుగు పీరియడ్‌లో కూర్చోవలసి వచ్చింది. దీనిని భారంగా భావించిన తల్లిదండ్రులు ఉన్నారు, ఉపాధ్యాయులూ ఉన్నారు. 2025లో ప్రభుత్వం ఇతర బోర్డుల 9, 10 తరగతులకు ‘సింగిడి’ అన్న ప్రామాణిక వాచకం బదులు ‘వెన్నెల’ అన్న సులభ వాచకాన్ని వినియోగించాలని నిర్ణయించింది. సులభతరం చేయడాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే ‘సింగిడి’ తెలంగాణ నోట ఇంద్రధనుస్సుకు పేరు. కష్టమని పక్కకు జరిగిన పుస్తకం పేరే ఒక ప్రకృతి పదం, అదీ స్థానిక పదం కావడం యాదృచ్ఛికమే అయినా గమనించదగినది.

చట్టం తెలుగును ఎందుకు నేర్పాలన్న ప్రశ్నకు సాధారణంగా ఇచ్చే సమాధానాలు రెండు: సంస్కృతి, మాతృభాషాభిమానం. మాతృభాష తెలుగు కాని పిల్లకు ఈ రెండూ వర్తించవు. ‘నీవు నివసిస్తున్న నేలను చదవడానికి ఈ భాష కావాలి’ అన్న మూడో సమాధానం మాత్రం అందరికీ వర్తిస్తుంది. తెలుగు శాఖలు ఈ సమాధానాన్ని ఇంతవరకు గట్టిగా చెప్పలేదు.

చెట్టు ఆదర్శమైనప్పుడు

తెలుగు వాచకంలో ప్రకృతి రెండు దారులలో వచ్చింది. మొదటిది సుభాషిత మార్గం. పండ్ల బరువుకు వంగే కొమ్మ, రాయి విసిరిన వానికీ నీడనిచ్చే చెట్టు, తన నీరు తాను తాగని నది – సంస్కృత సుభాషితాల నుంచి శతకాల వరకు ఈ ఉపమానాలు విడువకుండా వచ్చాయి. ఇక్కడ చెట్టు పాఠం కాదు, పాఠానికి దృష్టాంతం. నేర్పదలచినది పరోపకారం. ఉపమేయమైన సజ్జనుడు మనసుకు పట్టగానే ఉపమానమైన చెట్టు పని ముగుస్తుంది. అది మర్రియా, మోదుగా, తుమ్మా అన్న ప్రశ్న పుట్టదు. పుట్టితే ఉపమానం చెడుతుంది కూడా.

రెండోది కరుణ మార్గం. దీనికి శిఖరం జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’. ‘ఉదయశ్రీ’లోని ఈ ఖండిక ఘంటసాల గళం ద్వారా ఇంటింటికీ చేరింది. కోయబోయిన చేతిని పూలు నిలదీయడం, ఆ చేయి వెనక్కి తగ్గడం తెలుగు పాఠకుని భావజీవితంలో భాగమైపోయింది. దాని కవితాశక్తిని తక్కువ చేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. అయితే పర్యావరణ పాఠంగా చూసినప్పుడు దాని నిర్మాణం పరిశీలించదగినది. అందులో అపరాధి ఒక మనిషి, సాధనం ఒక చేయి, హింస ఒక పూవుకు. బాధితుని గొంతు వినగానే మనసు మారుతుంది. మనసు మారితే హింస ఆగుతుంది. సైబరాబాద్‌లో చెట్టు కూలే తీరు వేరు. అక్కడ ఒక సర్వే నంబరు, వేలం ప్రకటన, నక్షా, అనుమతి పత్రం, అద్దె యంత్రం, దినకూలీ ఉంటాయి. ఎవరి చేతిని నిలదీయాలో పూవుకు తెలియదు. కరుణ పాఠం బాగా ఒంటబట్టిన పిల్లవాడు పూలు కోయకుండా ఉంటాడు, మొక్క నాటి ఫొటో దిగుతాడు, తన గడపకు పక్కనే కుంట ఎందుకు పూడిందో మాత్రం అడగడు. అడగడానికి అతని దగ్గర మాటలు ఉండవు.

అమెరికా విద్యావేత్త డేవిడ్ సోబెల్ 1996లో ప్రచురించిన ‘బియాండ్ ఎకోఫోబియా’ ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. నాలుగు నుంచి ఏడేళ్ల వరకు ప్రాణులతో సహానుభూతి, ఎనిమిది నుంచి పదకొండు వరకు పరిసరాల అన్వేషణ, పన్నెండు నుంచి సామాజిక క్రియాశీలత ప్రధానం కావాలని అతని ప్రతిపాదన. ఈ కొలతతో చూస్తే తెలుగు వాచకం పన్నెండేళ్ల పిల్లకు కూడా అయిదేళ్ల పిల్లకు తగిన దినుసే వడ్డిస్తున్నది. సహానుభూతి తప్పు కాదు. ఆ వయసుకు అది చాలదు.

ఇస్మాయిల్ కవిత్వంలో చెట్టు మరో రకంగా నిలుస్తుంది. ఆయన సంపుటికి ‘చెట్టు నా ఆదర్శం’ అని పేరు పెట్టుకోవడం పైకి సుభాషిత మార్గంలాగే కనిపించినా, నీతి కోసం కాక నిశ్శబ్దం కోసం, ఉనికి కోసం చెట్టు వైపు చూసిన కవి ఆయన. వాచకాలు ఆయన నుంచి నేర్వదగినది ఈ ఉపదేశ రాహిత్యాన్ని. దురదృష్టవశాత్తు పాఠం చివరి అభ్యాసంలో ‘ఈ కవిత ద్వారా మీరు గ్రహించిన నీతి ఏమిటి?’ అని అడిగే అలవాటు ముందు ఏ కవీ నిలవడు.

లేక్ కాని చెరువు

గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా అపార్ట్‌మెంట్ల పేర్లలో ‘లేక్ వ్యూ’ విరివిగా కనిపిస్తుంది. ‘లేక్’ అన్న మాటలో దృశ్యం ఉంది. ‘చెరువు’ అన్న మాటలో పని ఉంది. చెరువు దానంతట అది ఏర్పడదు. పల్లానికి అడ్డంగా కట్ట పోస్తే ఏర్పడుతుంది. కట్టకు తూము ఉంటుంది, తూము కింద ఆయకట్టు ఉంటుంది. నిండిన నీరు పొర్లిపోవడానికి కోస్తాలో అలుగు అనేదానిని తెలంగాణలో మత్తడి అంటారు. మత్తడి దూకిన నీరు కాలువ వెంట కింది చెరువుకు చేరుతుంది. అందుకే ఇవి గొలుసుకట్టు చెరువులు. నీరు తగ్గిన కాలంలో బయటపడి, నిండిన కాలంలో మునిగే నేల శిఖం. ఈ అయిదారు మాటలు తెలిసిన ఏడో తరగతి పిల్లకు 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలు ఎందుకు మునిగాయో సగం అర్థమైనట్లే. వేసవిలో ఎండిన శిఖం ఖాళీ స్థలంలా కనిపిస్తుందని, మత్తడి కాలువ మూసుకుపోతే నీరు ఇళ్లలోకి దారి వెతుక్కుంటుందని వేరే చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర హైడ్రా జరిపిన కూల్చివేతలప్పుడు పత్రికలన్నీ ‘ఎఫ్‌టీఎల్’, ‘బఫర్ జోన్’ అన్న మాటలతో నిండిపోయాయి. శిఖం అన్న మాట తెలిసి ఉంటే ఎఫ్‌టీఎల్ అన్నది పన్నెండేళ్ల పిల్లకు కొత్త సంగతి కాదు, పాత సంగతికి కొత్త కొలత.

రాళ్ల గుట్టల నడుమ దాగి ఉండి ‘సీక్రెట్ లేక్’ అన్న ఆంగ్లనామం పొందిన దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీరిచ్చిందని ప్రసిద్ధి. 2020లో దాని మీద తీగల వంతెన ప్రారంభమైంది. వంతెన దీపాలు చూడడానికి వెళ్లే పిల్లలకు ఆ చెరువు కట్ట ఎటు ఉందో, మత్తడి ఎటు దూకుతుందో చూపించే పాఠం ఏ పుస్తకంలో ఉండాలి? భూగోళ పుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే. తెలుగు వాచకం కూడా ఒకటే అయినా, మాటను ఊరి నుంచి తెచ్చుకునే వీలు భాషాపాఠానికే ఉంది.

‘సుస్థిర అభివృద్ధి’ అన్న అనువాదం ఈ విషయంలో మరో అడ్డంకి. 1987 బ్రంట్‌లాండ్ నివేదికతో వ్యాప్తిలోకి వచ్చిన భావనకు తెలుగు పాలనాభాష ఇచ్చిన రూపమిది. తెలుగులో ‘సుస్థిర’ అనగానే స్ఫురించేది కదలని తనం. సుస్థిర ప్రభుత్వం అంటే పడిపోని ప్రభుత్వం. వాడుకుంటూనే తరిగిపోకుండా చూసుకోవడమన్న అర్థం అందులో పలకదు. తెలంగాణ నీటి వ్యవహారంలో ‘తైబందీ’ అన్న మాట ఉంది. యాసంగికి ముందు చెరువులోనో, ప్రాజెక్టులోనో ఉన్న నీటిని అంచనా వేసి, ఎంత నేల సాగు చేయవచ్చో ముందుగా నిర్ణయించుకోవడం తైబందీ. ఉన్నదానిని బట్టి కోరికను కుదించుకునే లెక్క అది. పొలాలకు నీరు వంతుల ప్రకారం వదిలే నీరటికాడు ఆ లెక్కను అమలు చేసే మనిషి. భావనను ఈ మాటతో మొదలుపెట్టి తరువాత ‘సుస్థిర’కు వెళ్లడం బోధనక్రమంగా సహేతుకం. తైబందీని బడి నీటి ట్యాంకరుకు, అపార్ట్‌మెంట్ బోరుబావికి అన్వయించమని పిల్లలను అడగవచ్చు. వేసవిలో ట్యాంకర్ల వరుస చూడని పిల్ల ఐటీ కారిడార్‌లో అరుదు.

ఇటువంటి పదజాలాన్ని సేకరించే పని తెలుగు పండితులు ఎన్నడో మొదలుపెట్టారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయానికే కేటాయించబడింది. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ గ్రామనామ పరిశోధనకు దారి చూపింది. ఇవి గ్రంథాలయాలలో, పరిశోధక విద్యార్థుల బల్లల మీద ఉన్నాయి. బడి వాచకానికి దిగిరాలేదు. ఇంగ్లండులో దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. పిల్లల కోసం వేసిన ఆక్స్‌ఫర్డ్ జూనియర్ నిఘంటువు 2007 కూర్పులో ‘ఏకార్న్’, ‘బ్లూబెల్’ వంటి మాటలు తొలగి ‘బ్లాగ్’, ‘బ్రాడ్‌బ్యాండ్’ వంటివి చేరినట్లు బయటపడినప్పుడు రచయితలు నిరసన తెలిపారు. ఆ నేపథ్యంలోనే రాబర్ట్ మాక్‌ఫార్లేన్, జాకీ మోరిస్ కలిసి 2017లో ‘ద లాస్ట్ వర్డ్స్’ అన్న పిల్లల పుస్తకం తెచ్చారు. అక్కడ పోయిన మాటల జాబితా అయినా ఉంది. తెలుగు బాలనిఘంటువు నుంచి మత్తడి, శిఖం తొలగిపోయాయని నిరసించే అవకాశం కూడా లేదు, అవి అందులోకి ఎక్కినవి కావు గనుక.

ఊరి పేర్లు చెప్పేది

ఐటీ కారిడార్‌లోని పాత పేర్లు తమంతట తాము ఒక వాచకం. గుట్టల బేగంపేటలో గుట్టలు, మసీదుబండలో బండ, కొండాపూర్‌లో కొండ వినిపిస్తూనే ఉన్నాయి. దక్కను పీఠభూమి గ్రానైటు వయసు రెండున్నర వందల కోట్ల సంవత్సరాలని భూవిజ్ఞానం చెబుతుంది. ఆ రాళ్లను కాపాడడానికి హైదరాబాద్‌లో 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. గచ్చిబౌలి అన్న పేరులో గచ్చు, బౌలి స్పష్టం. గచ్చు చేసిన దిగుడుబావి ఊరికి పేరైంది. రాయదుర్గం రెవెన్యూ దస్త్రాలలో పైగా, పాన్‌మక్తా, నౌఖాల్సా అన్న తోకలతో కనబడుతుంది. పైగా అమీరుల జాగీరు ఏది, సర్కారు ఖాల్సా నేల ఏది అన్న భేదాన్ని ఆ తోకలు నేటికీ మోస్తున్నాయి. నేల ఎవరిదన్న ప్రశ్న పర్యావరణానికి వెలుపలిది కాదని చెప్పడానికి ఇంతకంటె సులువైన పాఠం దొరకదు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. జనవ్యుత్పత్తి ఆకర్షణీయమైనది, తరచు తప్పు కూడా. నల్లగండ్ల పేరులో ‘గండి’ని చూడాలనిపిస్తుంది, శాసనాధారమో, పాత దస్త్రమో లేకుండా అలా తేల్చడం శాస్త్రీయం కాదు. తరగతిగదిలో ఈ అనుమానాన్నే పాఠం చేయవచ్చు. పేరుకు పిల్లలు చెప్పే అర్థాన్ని ఏది రుజువు చేస్తుంది, ఏది కాదంటుంది అని అడగడం పరిశోధనకు తొలిమెట్టు. పేర్ల వెంట పోతే పల్లె మీద వలపోత మిగులుతుందన్న ఆక్షేపణ మరొకటి. అది కొట్టివేయదగినది కాదు. కంచ అందరికీ సమానంగా తెరుచుకున్న నేల కాదు, చెరువు నీరు అన్ని కులాలకూ ఒకే వంతున దక్కలేదు. ఈ చరిత్రను దాచి పాత చెరువును స్వర్గంగా చూపితే సుభాషితం స్థానంలో మరో సుభాషితం వచ్చినట్లే.

హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని జలాశయాలను ‘పీకాక్ లేక్’, ‘బఫెలో లేక్’ అని పిలుస్తారు. పేర్లు ఆంగ్లమైనా బర్రె మాత్రం అందులో మిగిలింది. మేతనేల జ్ఞాపకం కొత్త భాషలోకి ఇలా జారిపోవడాన్ని చూపిస్తే కంచ అన్న మాటకు పిల్లలు తామే చేరుకుంటారు.

నడక నేర్పేది

నేలను చదవడం కథగా మారితే ఎలా ఉంటుందో సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ చూపింది. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన ఈ రచనలో కరువుకాలంలో గొర్రెల మందలతో నల్లమలకు వెళ్లే కాపరుల బృందం ఉంది. చదువుకున్న యువకుడు వారి వెంట అడవికి వెళతాడు. ఏ ఆకు మేపాలి, నీరు ఎక్కడ దొరుకుతుంది, పులి అలికిడిని ఎలా పసిగట్టాలి అన్నది అతనికి ఎవరూ ఉపన్యసించరు. పెద్దల వెనక నడవడమే చదువు. నవల మొత్తం ఏడో తరగతికి తగదు. కాని అందులోని ఒక ఘట్టాన్ని ఉపవాచకంగా ఎంచుకుంటే, చెట్టు అక్కడ దృష్టాంతంగా కాక అవసరంగా, పేరుతో, రుచితో కనిపిస్తుంది. కరుణకు బదులు పరిచయం నేర్పే తెలుగు వచనం ఇది. రాయలసీమ మాండలికం సైబరాబాద్ పిల్లకు కష్టం కావచ్చు. పుస్తకంలోని ధ్రువపు ఎలుగుబంటి కూడా ఆ పిల్ల ఇంటి పక్కది కాదు.

వాచకాన్ని తిరగరాయనక్కరలేకుండా మార్చదగినది అభ్యాసాల పుట. ‘చెట్ల వలన కలిగే లాభాలు రాయండి’ అన్న ప్రశ్నకు పిల్ల పుస్తకంలోంచే జవాబు రాస్తుంది. దిద్దడం సులువు, అందుకే ఆ ప్రశ్న బతికి ఉంది. ‘మీ బడి కప్పు మీద కురిసిన వాన ఏ కుంటకు చేరుతుంది? ఆ కుంట మత్తడి ఏ దిక్కున ఉంది?’ అన్న ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. గూగుల్ పటంలో కుంట పేరు దొరకవచ్చు. మత్తడి దిక్కు అంత సులువుగా దొరకదు. బహుశా ఉపాధ్యాయురాలికీ తెలియదు. ఆమె కూడా మరో జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినదే కావచ్చు. జవాబు తెలిసిన వారు బడి గేటు దగ్గర కాపలా ఉన్న పెద్దాయనో, వరండా తుడిచే అమ్మో అయ్యే అవకాశం ఎక్కువ. ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, గోపనపల్లి పాత ఊళ్ల నుంచి నడిచి వచ్చే వారికి ఆ కాలువ పూడకముందు ఎటు పారేదో గుర్తుంటుంది. వారిని పిల్లలు తెలుగులోనే అడగవలసి ఉంటుంది.